లెటిస్ అత్త పంపిన చీటీ

నిఘంటువు ఆఫీసులో 'స్టిల్' అనే మాట హెస్టర్ నెత్తిన పడి మూడు వారాలైంది. చూడ్డానికి చిన్న మాటే, దుంపతెగ, తవ్వినకొద్దీ అర్థాలే! కదలని నీళ్ళకూ అదే, సారా బట్టీకీ అదే, 'ఇంకా' అనడానికీ అదే. చదివే పిచ్చి ఉన్నవాళ్ళు దేశం నలుమూలలా కూర్చుని, ఆ మాట ఎక్కడ తగిలినా ఆ వాక్యాన్ని చీటీ మీదకెక్కించి, ఎక్కడిదో, ఏ తేదీదో వేసి పంపుతారు. వాటిని అర్థాలవారీగా దొంతులు పేర్చడం హెస్టర్ పని.

అందరికంటే ఎక్కువ చీటీలు పంపేది ఆమె మేనత్త లెటిస్. తల్లి పురిట్లోనే పోయి, నాలుగేళ్ళప్పుడు నాన్న గిల్బర్ట్ ఓడతో సహా మునిగిపోతే, హెస్టర్‌ను పెంచిందీ ఆవిడే. సబ్బు మీది కాగితాన్ని, చర్చి గోడ మీది నోటీసుని కూడా వదలదు మహాతల్లి.

ఆ మంగళవారం ఉదయం హెస్టర్ అత్త పంపిన కట్ట విప్పి, పైనున్న చీటీ చదివింది.

"గిల్బర్ట్ ఇంకా బతికే ఉన్నాడు. ఇంకా హెస్టర్ కోసమే అడుగుతున్నాడు. వ్యక్తిగత ఉత్తరం, బ్రిస్టల్, 12 మార్చి 1934."

'ఇంకా' అన్న రెండుచోట్లా 'స్టిల్' కింద అత్త నీటుగా ఎర్రగీత గీసింది.

హెస్టర్ మళ్ళీ చదివింది. మార్చి అంటే మొన్నేగా, రెండు నెలలు కాలేదు!

"ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు పక్కబల్ల ఆస్విన్.

"మా నాన్న బతికున్నాడండీ!" అంటూ టోపీ కూడా పెట్టుకోకుండా ఇంటికి పరిగెత్తింది.

లెటిస్ వంటింటి బల్ల దగ్గర కోకో డబ్బా మీది రాతను చీటీలోకి ఎక్కిస్తోంది.

"అత్తా, ఇదేంటి?" అంటూ హెస్టర్ ఆ చీటీ ఆవిడ ముందు పెట్టింది.

"తేదీ వేశానుగా..." అంటూనే ఆవిడ చదివింది. "అయ్యో, నా బుద్ధి మండిపోను! మాట ఒక్కటే చూశానే. వాక్యం చూడనే లేదు."

"ముప్ఫై ఏళ్ళు! ఓడ మునిగిందన్నావు!"

"ఇంకొకావిడతో లేచిపోయాడని నాలుగేళ్ళ పిల్లకి ఎలా చెప్పనే? పెద్దయ్యాక చెబుదామంటే నోరు రాలేదు. ఆ ఉత్తరం రాసింది ఆవిడే."

"నీ సంజాయిషీ ఎవడిక్కావాలి! చిరునామా ఇవ్వు. మూడింటి రైలుకి వెళ్తాను. నా కోసం అడుగుతున్నాడు అత్తా, నా కోసం!"

లెటిస్ తల ఎత్తలేదు. "ఏప్రిల్లో ఇంకో ఉత్తరం వచ్చింది తల్లీ. పోయాడు. పూడ్చేశారు కూడా."

ఏం అంటోందో హెస్టర్‌కే తెలియలేదు. "మరి ఆ ఉత్తరానికి చీటీ రాయలేదేం?"

"అందులో 'స్టిల్' అన్న మాట లేదే," అంది లెటిస్.