గిటారు ఒంపు

సారంగపాణి కొత్తగూడెం బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు. వడ్రంగం బాగా వచ్చు. ఎనభై నాలుగులో అతనికి గిటారు పిచ్చి పట్టింది. సొంతంగా చేస్తానని క్వార్టరు వరండాలో టేకు పలకలు చిత్రిక పట్టాడు. ముందు పలకా వెనక పలకా కుదిరాయి. నడుము దగ్గర ఒంపు తిరగాల్సిన పక్క పలకే లొంగలేదు. నానబెట్టి వంచబోతే వరసగా మూడు విరిగాయి.

భార్య సారక్క చూసి చూసి లేచింది. ములకలపల్లి మేదరి ఇంట్లో వెదురు బద్దల మధ్య పెరిగిన మనిషి. సారంగపాణిదీ అదే కులం. గనిలో కొలువు దొరికాక మాత్రం క్వార్టర్లలో ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు.

"జోరు జేస్తే ఇరుగుతది. కాకకు అదే ఒంగుతది, జర ఓపిక వట్టు," అంది. బొగ్గుల పొయ్యి మీద ఇనప గొట్టం కాల్చి, తడి పలకను దానికి ఆనించి, నిమురుతూ నిమురుతూ వంచింది. సాయంత్రానికి రెండు పక్కలూ తయారు. ఆమె బొటనవేళ్లు బొబ్బలెక్కాయి.

కార్మికుల క్లబ్బులో పాటలు పాడే ఆదినారాయణ ఆ గిటారును వేదిక మీద వాయించాడు. "ఈ ఒంపు ఎట్ల తిప్పినవ్ పాణీ?" అని మైకులోనే అడిగాడు. ఆడవాళ్ల వరసలో సారక్క కొంగు సర్దుకుంది.

"నా అంతట నేనే నేర్చుకున్న. ఎవలు సాయం జెయ్యలే," అన్నాడు సారంగపాణి.

చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది. "నా పేరు జెప్తే ఏం పొయ్యేది?"

"అందరి ముంగట మేదరోళ్ల పనని చెప్పుకోమంటవా?"



నెల తిరక్కుండానే ఆదినారాయణ తనకూ ఒకటి చేసిపెట్టమన్నాడు. సారంగపాణి పలకలు నానబెట్టి, గొట్టం కాల్చి, లోపలికి కేకేశాడు. "ఓసారి రావే."

సారక్క బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "నాకేం దెలుసు. ఒక్కనివే చేసినవ్ గద."

అతను బతిమాలలేదు. ఆ వారంలో ఆరు పలకలు విరిగాయి. ఒక్కొక్కటి ఫటేల్‌మన్నప్పుడల్లా ఆమె లేవబోయి కూర్చుంది. చివరికి, చెక్క మంచిది దొరకలేదని ఆదినారాయణకు అబద్ధం చెప్పి వచ్చాడు.

విరిగిన పలకలతో సారక్క పొయ్యి రాజేసింది. గెలిచినట్టు అనిపించలేదు. ఆ పని ఇంకోసారి చెయ్యాలని అతనికంటే తనకే ఎక్కువ ఆశగా ఉండింది.