కోడలి చీర కోత

నగరి నేతగాళ్ల వీధిలో దీపాలు పెట్టే వేళకు రంగనాయకమ్మ మగ్గం ఆడుతుంది. ఆమె పోయి మూడేండ్లయింది. అయినా రోజూ సందెవేళకు పోగును మోసే నాడె తనంతట తానే ఒక్కసారి కదిలి, ఒక పోగు నేసి ఆగిపోతుంది. బతికినన్నాళ్లూ ఆమె ఇంతే నిదానమని వీధిలోవాళ్లు నవ్వుకుంటారు.

మగ్గం మీదుండేది కోడలు పంకజాక్షి చీర. అత్త నేసిన చీరను మగ్గం మీంచి కోసేటప్పుడు ఆడోళ్లంతా తలా ఒక చెయ్యేసి పట్టుకుంటేనే ఆ వీధిలో కోడలు తమ మనిషి అవుతుంది. రంగనాయకమ్మ చీర సగంలో ఉండగానే కన్నుమూసింది. పంకజాక్షేమో లంకలో యుద్ధానికి భయపడి పడవలెక్కి వచ్చినోళ్ల బిడ్డ, అరవనాటి శరణార్థుల క్యాంపులో పుట్టింది. రంగనాయకమ్మ కొడుకు మురుగేష్‌ను చేసుకుని వచ్చింది గానీ, ఓటూ లేదు, చీరా లేదు.

ఇంతలో సరిహద్దులో యుద్ధమొచ్చింది. యాడో ఉత్తరాన బాంబులు పడితే ఈడ తులసీరాం మెడలో విజిల్ పడింది. రెండుసార్లు వార్డు మెంబరుకు నిలబడి ఓడిపోయిన మనిషి. ఇప్పుడు ఆయన ఊదితే వీధంతా దీపాలార్పాల, మగ్గాలాపాల. నిన్నెవరు పెట్టినారప్పా అని అడిగే ధైర్యం ఎవరికుంది? అందరికీ ఆకాశం వంక చూడడమే సరిపోతాంది. పరాయి దేశం మనిషిని వీధిలో పెట్టుకోకూడదని, తెల్లారితే పోలీసులొచ్చి పంకజాక్షిని క్యాంపుకు తీసుకుపోతారని తులసీరాం చెప్పిపోయినాడు. మురుగేష్ కాళ్లావేళ్లా పడినాడు. పంకజాక్షి పెట్టె సర్దుకుంది, విప్పింది, మళ్లీ సర్దుకుంది.

ఆ సందెవేళ విజిల్ మోగింది. వీధి చీకటయింది. రంగనాయకమ్మ మగ్గం మాత్రం ఒక పోగుతో ఆగలేదు. టకటకమని ఆడతానే ఉండాది. తులసీరాం ఇంట్లోకొచ్చి ఆపమన్నాడు.

“మా అత్తకు నువ్వే చెప్పుకోన్నా,” అనింది పంకజాక్షి.

ఆయన మగ్గం గుంట దగ్గర వంగి గట్టిగా ఊదినాడు. నాడె ఇంకా జోరందుకుంది. నేతగాళ్ల వీధి కదా, శబ్దాన్ని బట్టే చీర కొసకొచ్చిందని అందరికీ తెలిసిపోయింది. కత్తెరా దీపమూ పట్టుకుని ముందుగా వచ్చింది తులసీరాం పెండ్లాం భువనేశ్వరే. వెనకాలే వీధి ఆడోళ్లు.

దీపం ఆర్పమని మొగుడు గద్దించినాడు.

“కత్తెర యాడ పడతాదో కనపడొద్దా?” అనింది భువనేశ్వరి. “కొస జారిపోతాంది, పట్టుకో.”

నోట్లో విజిల్‌తోనే తులసీరాం పట్టుకున్నాడు.

తెల్లారి పోలీసులొచ్చి క్యాంపు మనిషెవరని అడిగితే, అట్లాంటోళ్లు ఈ వీధిలో లేరని గొణిగింది కూడా ఆయనే.

ఆ సందెవేళ కొత్తచీర కట్టుకుని పంకజాక్షి మగ్గం ముందర కూర్చుంది. నాడె కదల్లేదు. పొద్దు పూర్తిగా గుంకిందాకా చూసి, అత్త ఇంక లేదని అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.