సురేంద్ర సంగటి కట్టె

మంచం పోనీ అన్నాడు. బీరువా పోనీ అన్నాడు. పెళ్లినాటి సోఫా అమ్మేస్తున్నా నోరెత్తలేదు. సంగటి కట్టె మాత్రం తనతో ఆస్ట్రేలియాకు రావలసిందేనని సురేంద్ర పట్టుబట్టాడు.

పదిహేనేళ్లుగా తిరుపతి బస్టాండు వెనక సంగటి మెస్సు నడిపిన మనిషి. అడిలైడ్‌లో తెలుగువాళ్లు పెట్టిన హోటలుకు వంటమాస్టరుగా పిలిచారంటే అతని రాగిసంగటి కోసమే పిలిచారు. ఆ కట్టెను సొంతూరు ఐరాలలో అతని తాత చెక్కాడు. అమ్మ ముప్పై ఏళ్లు దాంతోనే సంగటి గెలికింది. పొగకూ జిడ్డుకూ నల్లగా నిగనిగలాడే ఆ కట్టెలోనే తన చేతిరుచంతా ఉందని సురేంద్ర నమ్మకం. ఎవరు కాదన్నా వినడు, మొండిఘటం.

కొర్లగుంటలోని సురేంద్ర ఇంటికి సామాన్లు కట్టడానికి వచ్చిన మేస్త్రీ పేరు రాజారత్నం. యాభై దాటిన మనిషి, సత్యవేడు వైపువాడు. వారం ముందే వచ్చి కూర్చుని, కళ్లజోడు సర్దుకుంటూ అన్నీ విడమరిచి చెప్పాడు.

"ఆ దేశానికి మన్ను కూడదు, ఇత్తనం కూడదు, చీపురు, ఇస్తరాకు ఏవీ కూడదు. చెప్పులకంటిన మట్టి కూడా కడగల్ల. కొయ్యదేదన్నా ఉంటే ముందు నాకు సూపించండి. పెట్టెలో ఏముంటే అది పట్టీలో రాయల్ల. రాయనిది లోపల దొరికితే మాత్రం దొంగతనం కిందే లెక్క."

సురేంద్ర భార్య హేమశ్రీ ఒక్క మాట పొల్లుపోనివ్వలేదు. పాత బ్రష్షుతో చెప్పులన్నీ తోమింది. ఎండుమిరపకాయలు పక్కింటికి ఇచ్చేసింది. సురేంద్ర అన్నిటికీ ఊ కొట్టి, సామాన్లు పోయే ముందురోజు ఆమె అటు తిరగ్గానే కట్టెను పరుపులో చుట్టి తాడు కట్టేశాడు. చూపిస్తే వద్దంటారని ఆయనగారి భయం. ఆ తెలివి తెల్లారినట్టే ఉంది!

మరునాడు పొద్దున పరుపు ఎత్తబోయిన రాజారత్నం ఆగాడు. బరువు తేడాగా ఉంది. తాడు విప్పి దులిపితే కట్టె ఠంగుమని బండల మీద పడింది.

"ఇదేందప్పా?"

"సంగటి కట్టెన్నా."

"పట్టీలో యాడుండాది?"

"నాకు గూడా చెప్పకుండా దాచినావా? సిగ్గులేదా నీకు?" అని హేమశ్రీ ఎగిరింది. పెళ్లాం తిట్టేసరికి అతనికీ రోషం వచ్చింది.

"మూరెడు కట్టెకు ఇంత రాద్ధాంతమా? మా అమ్మ కట్టె ఇది! ఇది లేకుండా నేను ఆడికి పోయి ఏం చెయ్యల్ల? ఈ పరుపులో కాకపోతే ఇంకోదాంట్లో పెట్టుకుంటా!"

రాజారత్నం వంగి కట్టెను అందుకున్నాడు. చేతిలో తూచి చూశాడు. బకెట్టు నీళ్లలో వేశాడు. రాయిలాగా అడుక్కి పోయింది. బయటికి తీసి తుడిచి, ఉప్పుకాగితంతో ఒక కొసన రుద్దాడు. నలుపు పోయి లోపల్నుంచి ఎరుపు తేలింది. అరచేతిలో రాలిన పొడి అచ్చం కుంకుమే. అతను మెల్లగా కింద కూర్చున్నాడు.

"ఎర్రచందనం సామీ ఇది."

సురేంద్ర నవ్వాడు. "ఊరుకోన్నా! ఇరిగిపోయిన బండి కొయ్యతో చేసినాడు మా తాత."

"ఆ కాలంలో బండికీ ఇదే, దూలానికీ ఇదే. ఎవురూ అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు మూరెడు ముక్కైనా దేశం దాటగూడదు. మద్రాసు హార్బర్లో దొరికిందంటే నీ పెట్టెలన్నీ ఆపేస్తారు, కేసు రాస్తారు. కేసు పడినాక నిన్నెవురు పోనిస్తారు?"

హేమశ్రీ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా ఇరవై రోజులే. మెస్సు వేరేవాళ్లకు అప్పజెప్పేశారు. ఈ ప్రయాణం ఆగితే వెనక్కి వచ్చి నిలబడడానికి చోటు లేదు.

సురేంద్ర అప్పటికీ దిగిరాలేదు. "నల్లకట్టెను సూసి ఎర్రచందనమంటే నమ్మల్లా? నీకెట్ల తెలుసు? ఊరికే బెదిరిస్తా ఉండావు."

రాజారత్నం వెంట వచ్చిన పనివాళ్లిద్దరి వైపూ చూశాడు. తొమ్మిదేళ్లుగా తనను అన్నా అని పిలిచేవాళ్లు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మోసినాను గాబట్టి తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఈ దుంగలు బుజాన మోసుకోని అడివి దాటించినాను. పట్టుబడి మూడేండ్లు జైల్లో ఉన్నాను. మా కంపెనీలో తెల్దు. ఈ పిలకాయలకూ తెల్దు. ఈ పొద్దు తెలిసింది, అంతే."

పనివాళ్లలో పెద్దవాడు లేచి, "అన్నా, టేపు అయిపోయినట్టుండాది, ఇంకోటి తెస్తా," అంటూ పోతూ పోతూ రాజారత్నం భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు.

సురేంద్రకు తల కొట్టేసినట్టయింది. మేస్త్రీ నోరు మూసుకుని తాడు బిగించి ఉంటే అతనికి పోయేదేముంది? ముక్కూ మొహం తెలియనివాడి మొండితనానికి, ఇన్నేళ్లు దాచుకున్న పరువును తన వాళ్ల ముందే తీసి పెట్టాడు. సురేంద్ర అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నా సంసారాన్ని కాపాడినావు. నీకెట్ల దండం పెట్టల్లో కూడా తెల్దు నాకు."

"దండాలెందుకులే సామీ. పని కానీండి, లారీ వచ్చేస్తాది."

కట్టె ఐరాలలోనే ఉంటున్న సురేంద్ర చెల్లెలి పొయ్యి దగ్గర ఉండాలని తేలింది. సురేంద్ర దాన్ని కడిగి వంటింట్లోకి నడిచాడు. కట్టేసిన పెట్టె విప్పి గిన్నె బయటికి తీశాడు. రాగిపిండి ఎలాగూ ఓడెక్కదు. చెనిక్కాయలూ ఎక్కవు, విస్తరాకులూ ఎక్కవు. మిగిలిందంతా ఈ పూటకే. ఎసరు తెర్లగానే పిండి పోసి, గిన్నెను కాళ్ల మధ్య బిగించి, అమ్మ గెలికినట్టే గెలికాడు. పక్కింటికి ఇచ్చిన మిరపకాయల్లోంచి నాలుగు అడిగి తెచ్చి, వేరుశనగపప్పుతో ఊరిబిండి పచ్చడి హేమశ్రీ నూరింది.

మధ్యాహ్నం పెట్టెల నడుమ విస్తర్లు వేశారు. మొదటి ముద్ద రాజారత్నానికి పడింది. అతను ఒక తుంట తుంచి ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు. చూపంతా గిన్నె మీద ఆనించిన కట్టె మీదే ఉంది.

"ఏమన్నా, బాగలేదా?" సురేంద్ర కంగారుపడ్డాడు.

రాజారత్నం ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"మూడేండ్లు జైలుకూడు తినిపించింది సామీ ఈ కొయ్య. కడుపుకు సంగటి పెట్టింది ఈ పొద్దే."

విస్తరి ముందుకు జరిపాడు.

"ఇంకో ముద్ద ఎయ్యి."