ఆబ్సెంటా, మిస్సింగా?

మా క్వార్టర్ తలుపుకు ఎవరో ఇంగ్లిష్ కాగితం అంటించి పోయారు. నాకు చదవడం రాకపోయినా అందులో మా ఆయన మల్లేశం టోకెన్ నంబరు గుర్తుపట్టాను. పక్కింటి మరాఠీ పిల్ల ప్రణాలి పదకొండో తరగతి చదువుతోంది, నన్ను పిన్నీ అన్నట్టు కాకూ అంటుంది. దాన్ని పిలిచి చదివించాను.

"కాకూ, కాకా నూట పన్నెండు దినాల సంది ఆబ్సెంట్ అని రాసిండ్రు. పది దినాలల్ల జవాబియ్యకుంటే నౌకరి పోతదట" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆబ్సెంటట! పదహారేళ్లు సాస్తి బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపినవాడు. జ్వరం కాగుతున్నా ఫస్ట్ షిఫ్ట్ తప్పనివాడు. అలాంటివాణ్ని బడి ఎగ్గొట్టిన పిల్లగాడిలా ఆబ్సెంట్ అని రాస్తారా?

మే నెలలో ఒక ఆదివారం కూలర్ మోటర్ కాలిపోయింది. చంద్రపూర్ పోయి కొత్తది తెస్తానని బస్సెక్కాడు. అంతే, మళ్లీ రాలేదు. ఎండలు ఎలాగో ఓర్చుకున్నాను. మాట్లాడే మనిషి లేకపోవడమే ఓర్చుకోలేకపోయాను. ఒక్క పూటకు కూర వండితే మూడు పూటలు మిగిలేది. టీవీ పెట్టుకుని అందులోవాళ్లకే జవాబులు చెప్పేదాన్ని. నవ్వకండి, మీకూ తెలుస్తుంది ఒకరోజు.

రోజూ ఫోన్ చేశాను. మోగేది, ఎత్తేవాడు కాదు. ఏ యాక్సిడెంట్‌లోనో పడిపోయాడు, ఫోన్ ఏ దొంగ చేతిలోనో పడింది అనుకున్నాను. దొంగ నాలుగు నెలలు చార్జింగ్ పెట్టి మరీ మోగనిస్తాడా అని మీరు అడగొచ్చు. నన్ను నేను మాత్రం ఆ మాట అడగలేదు. పోలీసులకు చెబితే "ఎవతితోనో పోయిండు" అంటారని నోరు మూసుకున్నాను. కుండకైతే మూత పెట్టొచ్చు, జనం నోటికి పెట్టగలమా?

కాగితం పట్టుకుని గనిలో హాజరీ రాసే భీమయ్య దగ్గరికి పోయాను. ఆయనదీ మా మంచిర్యాల వైపే.

"అన్నా, గీ ఆబ్సెంట్ కొట్టేసి మిస్సింగ్ అని రాయరాదే" అన్నాను.

"గట్ల రాసుడు కుదరది చెల్లె. ఆబ్సెంట్ అంటే రాగలిగి రానోడు. మిస్సింగ్ అంటే రావాలనున్నా రాలేనోడు. గది తేల్చేది నేను గాదు, పోలీసోళ్లు. ఠాణాల తక్రార్, గదే కంప్లైంటు, రాయించి నకలు తెచ్చియ్యి, నేను సాబ్‌కు చూపెడత."

రావాలనున్నా రాలేనివాడు! ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. నా మల్లేశం అలాంటివాడే. రాజురా పోలీస్ స్టేషన్ దాకా దారిపొడుగునా అదే అనుకుంటూ పోయాను. నిజం చెబుతున్నా, నౌకరి మీద నాకంత బెంగ లేదు. బతికున్నా లేకున్నా ఆయన నన్ను కావాలని విడిచిపోలేదని సర్కారు కాగితం ఒకటి చెబితే చాలనిపించింది.

స్టేషన్‌లో సుమన్ అని ఒక ఆడ కానిస్టేబుల్ ఉంది. ఆదిలాబాద్ సరిహద్దులోని కోర్పనా వైపు పిల్ల, తెలుగు బాగానే మాట్లాడింది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఎత్తు ఎంత, పోయిననాడు ఏ అంగీ తొడిగిండు అని అడిగి రాసుకుంది. ఫోటో తీసుకుంది. చివరికి ఫోన్ నంబర్ అడిగింది.

"మోగుతది గని ఎవ్వలెత్తరమ్మా."

"చూద్దాం తియ్ అక్కా" అని బల్ల మీది స్టేషన్ ఫోన్ నుంచి కలిపి స్పీకర్ పెట్టింది.

రెండో రింగుకే ఎత్తారు.

"హలో, ఎవరు?"

మా ఆయన గొంతే. సుమన్ నన్నొకసారి చూసి, "మల్లేశమేనా?" అంది.

"ఆఁ, మల్లేశమే. మీరెవరు?" వెనకాల కుక్కర్ విజిల్ వేసింది. "జర మంట తగ్గియ్యి" అని ఆయన ఎవరికో చెప్పాడు.

సుమన్ రిసీవర్ నా చేతిలో పెట్టింది. నాలుగు నెలలుగా దాచుకున్న తిట్లు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"తిన్నవా?" అన్నాను.

 నా గొంతు వినగానే ఫోన్ పెట్టేశాడు. సిగ్గు, ఏడుపు, కోపం అన్నీ ఒక్కసారే వచ్చాయి. అయినా ఎందుకో ఏడవలేదు.

సుమన్ పెన్ను పట్టుకునే ఉంది. "తక్రార్ రాయాల్నా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"వద్దు బిడ్డా" అన్నాను. "ఆయనకు రావాలని లేదు."