నాలుగింటి ఫోను

ఫిబ్రవరి మధ్యలో విల్ఫ్ హోల్డెన్ చేతిలో ఉన్న సరుకు ఇది: నడవాలో చిన్న బల్ల మీద ఒక ఫోను, దానికి నలభై ఒక్క ఏళ్లుగా మారని ఆరంకెల నంబరు, టీవీలో రెండు వందల పన్నెండు చానెళ్లు, వాటిలో తను చూసేవి మూడు, పక్షం రోజుల్లో గడువు తీరబోతున్న రెండేళ్ల ఒప్పందం. అన్నిటికీ కలిపి నెలకు నలభై అయిదు పౌండ్లు కడుతున్నాడు.

ఆ రోజు టపాలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి పేజీ అంతా మర్యాదలే. రేటు మాత్రం కింద ఎక్కడో ఉంది. ఒప్పందం తీరిపోతోంది కాబట్టి మార్చి నుంచి అరవై ఎనిమిది. ఏప్రిల్‌లో అందరికీ పెంచుతున్నట్టే ఆయనకీ ఇంకో నాలుగు. మొత్తం డెబ్బై రెండు.

"నలభై అయిదు సరుకు డెబ్బై రెండా!" అన్నాడు విల్ఫ్ గోడతో. ఇంట్లో వినేవాళ్లు ఇంకెవరూ లేరు.

భార్య బెరిల్ రెండేళ్లుగా ఊరి చివర మిట్ట మీద ఉన్న వృద్ధుల ఆశ్రమంలో ఉంటోంది. మతిమరుపు జబ్బు. తొలి రోజుల్లో తాళాలు మరిచిపోయేది, తర్వాత నెలలు, తర్వాత చెల్లెలి పేరు. నంబరు మాత్రం మరవలేదు. ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఇంగ్లండులోని ఆక్రింగ్టన్ మార్కెట్లో వాళ్లకు పరదాల గుడ్డ కొట్టు ఉండేది. కొట్టులో నిలబడింది బెరిల్. విల్ఫ్ వ్యాను వేసుకుని ఇంటింటికీ తిరిగి కిటికీల కొలతలు తీసేవాడు, కుట్టిన పరదాలు తగిలించేవాడు. సాయంత్రం నాలుగింటికి మార్కెట్ ఆఫీసులోని ఫోన్ నుంచి బెరిల్ ఇంటికి ఫోన్ చేసేది. "విల్ఫ్, కొట్టు కట్టేస్తున్నా, వ్యాను తీసుకురా."

ఇప్పుడూ నాలుగింటికి అదే ఫోను, అదే మాట. కొట్టు అమ్మేసి తొమ్మిదేళ్లయింది, వ్యాను అంతకు ముందే పోయింది. విల్ఫ్ మాత్రం "వస్తున్నానే, బయల్దేరా" అంటాడు. ఆ మాట చెవిన పడితే ఆమె కుర్చీలో కుదురుగా కూర్చుంటుంది. ఆయన బస్సెక్కి అయిదింటికల్లా వెళ్లి చేయి పట్టుకుంటాడు. ఒకసారి మాత్రం మంచు పడి బస్సు ఆలస్యమై, ఫోను మోగే వేళకు ఆయన ఇంట్లో లేడు. ఎవరూ ఎత్తలేదు. బెరిల్ కోటు తొడుక్కుని నడిచే ఇంటికి బయల్దేరింది. పెద్ద రోడ్డు మీద ఎవరో లారీ వాడు ఆపి, ఎక్కించుకుని ఆశ్రమంలో దించకపోతే ఏమయ్యేదో. ఆశ్రమం వాళ్లు విల్ఫ్ ఫొటో నొక్కితే ఆయనకు ఫోన్ వెళ్లే యంత్రం ఒకటి తెచ్చి చూపించారు. "ఇది పిల్లల ఆటబొమ్మ" అని పక్కన పెట్టేసింది. తన వేలితో ఆరంకెలూ నొక్కితేనే ఆమెకు నమ్మకం.

సరే, డెబ్బై రెండు సంగతి. విల్ఫ్‌కు బేరం కొత్త కాదు. మార్కెట్లో రేటు నచ్చకపోతే గుడ్డ బల్ల మీద పడేసి నడిచిపోవాలి. వెనక్కి చూడకూడదు. కొట్టువాడి కళ్లు నీ వీపు మీదే ఉంటాయి. నువ్వు మూడో కొట్టు దాటేలోపు "ఇదిగో అయ్యా, ఎంతకు తీసుకుంటావో చెప్పు" అని కేక వినబడుతుంది. ఆయన జీవితమంతా కొనేటప్పుడు నడిచిందీ అలాగే, అమ్మేటప్పుడు పిలిచిందీ అలాగే. ఊళ్లో సగం మంది ఫోన్ కంపెనీల దగ్గరా ఇదే పాట పాడుతున్నారు: ఏడాదికోసారి ఫోన్ చేయడం, మానేస్తానని బెదిరించడం, రేటు దించుకోవడం. జున్ను కొట్టు డెరెక్ పిల్లింగ్ కిందటేడు నెలకు ఇరవై పౌండ్లు దించానని మార్కెట్ అంతా చాటింపు వేశాడు.

మార్చి పదిన విల్ఫ్ ఫోన్ చేశాడు. ఎవరో కుర్రగొంతు పలికింది.

"డెబ్బై రెండు నావల్ల కాదు. నా లైను తీసెయ్యండి."

"అలాగే సార్. ముప్పై రోజుల నోటీసు. ఏప్రిల్ తొమ్మిదిన ఆగిపోతుంది. ఇంకేమైనా సాయం కావాలా?"

"అక్కర్లేదు" అని ఫోన్ పెట్టేశాడు విల్ఫ్. గుడ్డ బల్ల మీద పడేసి తిరిగాడన్నమాట. ఇక పిలుపు రావాలి.

వారానికి ఉత్తరం వచ్చింది, మీరు వెళ్లిపోతున్నందుకు విచారిస్తున్నామని. మొదటి కొట్టు దాటాను, అనుకుని గడియారం వెనక దోపాడు. రెండో పేజీ తిప్పలేదు. తర్వాత ఒక ఖాళీ అట్టపెట్టె వచ్చింది, టీవీ డబ్బాను అందులో పెట్టి వెనక్కి పంపమని. రెండో కొట్టు. అట్టపెట్టెను మెట్ల కింద తోశాడు. తను నిజంగా మానేయడం లేదు కదా, మానేస్తే ఏం పోతుందన్న ఆలోచన ఎందుకొస్తుంది?

ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం. మధ్యాహ్నం రెండున్నరకు డెరెక్ కొట్టు దగ్గర నిలబడ్డాడు.

"ఏరా విల్ఫూ, దిగొచ్చారా నీ ఫోన్ కంపెనీ వాళ్లు?" అన్నాడు డెరెక్ జున్ను కోస్తూ.

"వస్తారు. రేపే ఆఖరు. చివరి గంటలో కాళ్లబేరానికి వస్తారు చూడు."

"అది సరే. నంబరు సంగతి ఏం చేశావ్?"

"ఏ నంబరు?"

డెరెక్ కోసే తీగ వదిలేశాడు. "మీ ఇంటి నంబరురా, తలకాయా! మా చెల్లెలు షీలా నీలాగే మొండికేసి లైను తెంపించుకుంది. అలా కాదంట. ముందు కొత్త కంపెనీ వాడిని మాట్లాడుకోవాలి, వాడే పాతవాడి దగ్గర్నుంచి నంబరు లాక్కుంటాడు. మనమే తెంపేస్తే నంబరు పోయినట్టే. ఇప్పుడు షీలా పాత నంబరుకు చేస్తే ఎవడో తూములు బాగుచేసేవాడు పలుకుతున్నాడు."

విల్ఫ్ మార్కెట్ గడియారం వైపు చూశాడు.

"ఒరేయ్... బెరిల్ చేసేది దానికే కదూ?" డెరెక్ గొంతు తగ్గింది. "ఇంకా నిలబడ్డావేంరా? పరిగెత్తు!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఏమిటో డెబ్బై ఎనిమిదో ఏట విల్ఫ్‌కు బస్సులో కూర్చుని అర్థమైంది. మార్కెట్లో నీ వీపు చూసేవాడు ఉంటాడు. ఫోన్లో నీకు వీపే లేదు. ఆ కుర్రాడు తన మాటను మాటగానే తీసుకుని చీటీ రాసేశాడు. పిలవడానికి అక్కడ ఎవరూ నిలబడి లేరు.

ఇల్లు చేరేసరికి మూడూ పది. గడియారం వెనక నుంచి ఉత్తరం లాగి రెండో పేజీ తిప్పాడు. ఉంది. లైను ఆగిన వెంటనే నంబరు కూడా పోతుంది. మనసు మార్చుకుంటే ముందురోజు సాయంత్రం అయిదులోపు చెప్పాలి.

కోటు విప్పకుండానే ఫోన్ చేశాడు. సంగీతం. మీ ఫోను మాకెంతో ముఖ్యం అని ఒక ఆడగొంతు. మళ్లీ సంగీతం. మూడున్నరయింది. ఇదే లైను మీద నాలుగింటికి బెరిల్ చేస్తుందన్న సంగతి అప్పుడు తట్టింది. సెల్‌ఫోన్ సొరుగులో ఉంది, చార్జింగ్ లేకుండా చచ్చి పడి ఉంది. ఇప్పుడు పెట్టేస్తే వరసలో మళ్లీ మొదటికి. పట్టుకునే నిలబడ్డాడు.

మూడూ యాభై ఒకటికి సంగీతం ఆగింది. "హలో, నా పేరు కేలీ." సండర్లాండ్ ఊరి యాస.

"అమ్మాయ్, నేను లైను తీసెయ్యమన్నాను. వద్దు. ఉంచెయ్యండి."

"ఒక్క నిమిషం హోల్డెన్ గారూ... ఆ, రేపటికి ఉంది. అయిదు దాటలేదు, ఆపొచ్చు. కానీ ఏదో ఒక ప్లాను తీసుకుంటేనే ఆపగలను. ఇప్పుడున్నదే అంతా ఉంచుకుంటే యాభై ఎనిమిదికి ఇవ్వమంటోంది కంప్యూటరు, రెండేళ్లకు."

"నలభై అయిదు" అంది విల్ఫ్ నోరు, తను చెప్పకుండానే.

కేలీ నవ్వింది. "వ్యాపారస్తులా మీరు?"

"పరదాల గుడ్డ. చూడమ్మాయ్, నీతో నిజం చెప్పేస్తా. నాకు కావాల్సింది నంబరు." నలభై ఏళ్లలో కొనేవాడిగా ఆయన ఎప్పుడూ చెయ్యని పని అది. ఏది లేకపోతే బతకలేవో అమ్మేవాడికి చెప్పడమంటే కత్తెర వాడి చేతికిచ్చి జేబు చూపించడమే. అయినా చెప్పాడు. బెరిల్ గురించీ, వ్యాను గురించీ, లారీ వాడి గురించీ.

అంతలో చెవిలో బీప్ మోగింది. నాలుగయింది.

"ఆవిడే" అన్నాడు విల్ఫ్. "ఆవిడే చేస్తోంది."

"తీసుకోండి. ఫోన్ మీద ఆర్ అని ఉన్న మీట నొక్కి రెండు నొక్కండి, ఆవిడ లైను కలుస్తుంది. నేను లైన్లోనే ఉంటా."

"నీ లైను తెగిపోతే? మళ్లీ నలభై నిమిషాలు సంగీతం వినే టైము లేదు తల్లీ."

"తెగదు. రోజూ మీరందరూ మాకోసం ఆగుతారు కదా, ఇవాళ నేనాగుతా. తీసుకోండి బాబాయ్, ఆవిడ పెట్టేస్తుంది!"

నొక్కాడు.

"ఏమయ్యా, ఇంతసేపా ఎత్తడానికి?" అంది బెరిల్. "నిద్రపోయావా?"

"లేదే. కొలతలు రాసుకుంటున్నా."

"ఇవాళ ఆకుపచ్చ మఖ్మలు మొత్తం పోయింది. ఒకావిడ పట్టుకుని వదల్లేదు. గజానికి యాభై పెన్నీలు తగ్గించమంటుంది! నేను తగ్గిస్తానా?"

"నువ్వెందుకు తగ్గిస్తావు."

"తగ్గించలా. మూడో కొట్టు దాకా వెళ్లి తనే వచ్చింది." ఆ గెలుపు కథ మొదటి నుంచి మళ్లీ చెప్పింది. ఎప్పుడూ రెండు నిమిషాల ఫోను, ఆవేళ ఎక్కడలేని మాటలూ వచ్చాయి. గోడ గడియారం ముల్లు చూస్తూ విల్ఫ్ చెమట తుడుచుకున్నాడే గానీ తొందరపెట్టలేదు. తొందరపెడితే ఆమె తడబడుతుంది, తడబడితే భయపడుతుంది. చివరికి "సరే, కట్టేస్తున్నా, వ్యాను తీసుకురా" అంది.

"వస్తున్నానే. బయల్దేరా."

మళ్లీ ఆర్ నొక్కి రెండు నొక్కాడు. నాలుగూ పదకొండు. నిశ్శబ్దం. తర్వాత కీబోర్డు టకటకలూ, ఎవరో గొంతు సవరించుకోవడమూ వినిపించాయి.

"వ్యాను బయల్దేరిందా?" అంది కేలీ.

"బయల్దేరింది" అన్నాడు.

"మా పై అధికారి రెండుసార్లు వచ్చి నా భుజం మీద నుంచి చూసి పోయాడు, ఒక ఫోన్‌కు ఇంతసేపేంటని. మాకు నిమిషాల లెక్కుంటుంది. పోన్లెండి. యాభై ఎనిమిది మర్చిపోండి. ఆ చానెళ్లు చూస్తారా మీరు?"

"స్నూకర్. పాత సామాన్ల వేలాలు. వార్తలు."

"అవి మిద్దె మీద యాంటెన్నాకే వస్తాయి, ఒక్క పెన్నీ ఖర్చు లేదు. టీవీ తీసేస్తా. ఫోనూ, దాంతోపాటే వచ్చే బ్రాడ్‌బ్యాండూ ఉంచితే ముప్పై ఒకటి. రెండేళ్ల ఒప్పందం. వచ్చే ఏప్రిల్‌కు మూడు పెరిగి ముప్పై నాలుగవుతుంది, అది ముందే చెప్తున్నా, తర్వాత తిట్టకండి. మధ్యలో మానేస్తే మిగిలిన నెలలన్నీ కట్టాలి." కాస్త ఆగింది. "ఒప్పందం వద్దనుకుంటే నెలనెలా కట్టేది కూడా ఉంది. ముప్పై ఎనిమిది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు. మీ విషయంలో... ఆలోచించుకోండి."

ఆమె ఎందుకు ఆగిందో విల్ఫ్‌కు తెలుసు. కవరు వెనక పెన్సిలుతో వేశాడు. మొదటి ఏడు మూడు వందల డెబ్బై రెండు, రెండో ఏడు నాలుగు వందల ఎనిమిది, మొత్తం ఏడు వందల ఎనభై. నెలకు ముప్పై ఎనిమిదితో భాగిస్తే ఇరవై చిల్లర. అంటే బెరిల్ ఆ ఆరంకెలు ఇరవై ఒక్క నెలలు గుర్తుంచుకుంటే ఒప్పందం లాభం. అంతకు ముందే మరిచిపోతే నష్టం. డాక్టరు పోయిన నెలే చెప్పాడు, ఏడాది కన్నా ఎక్కువ ఆశించొద్దని. లెక్క ప్రకారం ముప్పై ఎనిమిదే సరైన బేరం. కొట్టులో ఎవరైనా అడిగి ఉంటే ఆయన అదే చెప్పేవాడు.

"రెండేళ్లకే రాయి" అన్నాడు.

"ఖాయమా బాబాయ్? పద్నాలుగు రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు."

"ఖాయం. ఆవిడ మఖ్మలు మీద యాభై పెన్నీలు తగ్గించలేదు ఇవాళ. ఆవిడ మీద నేను రేటు తగ్గించను."

నాలుగూ నలభై బస్సెక్కాడు. ఆశ్రమంలో బెరిల్ కోటు గుండీలన్నీ పెట్టుకుని కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"వ్యాను ఎక్కడ పెట్టావ్?"

"వెనక సందులో" అన్నాడు విల్ఫ్, చేయి పట్టుకుంటూ.

మర్నాడు ఏప్రిల్ తొమ్మిది. లైను ఆగిపోవాల్సిన రోజు. విల్ఫ్ మూడున్నర నుంచే నడవాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాలుగింటికి ఫోను మోగింది.

వ్యాను బయల్దేరిందని చెప్పి, బస్సుకు ఇంకా టైముందని కవరు వెనక తుది లెక్క రాశాడు. పోయినవి: చానెళ్లు రెండు వందల పన్నెండు, అందులో మూడు యాంటెన్నాలో వెనక్కి వచ్చాయి. ఇరవై ఒక్క నెలల పందెం, గెలుపోటములు తెలియవు. మిగిలింది: డెబ్బై రెండులో నెలకు నలభై ఒకటి. ఊరకే వచ్చింది: సండర్లాండ్ అమ్మాయి టైము, పదకొండు నిమిషాలు. నంబరు: చేతిలోనే ఉంది.