అత్త వేషం

ఆరాధన చొప్పదండిలో బట్టలు కుడుతుంది. భర్త నస్పూర్ బొగ్గుబాయిలో పని చేస్తూ అక్కడే ఉంటాడు. ఇంట్లో ఆమె, అత్త రిబ్కమ్మ. వీలైనప్పుడు ఆరాధన యూట్యూబ్ షార్ట్‌ఫిల్ముల్లో నటించేది. ఎప్పుడూ ఏడ్చే కోడలి వేషమే. విసుగొచ్చి ఒకసారి అత్త వేషం ఇమ్మని డైరెక్టర్ సంతోష్‌రావును అడిగింది.

షూటింగులో జుట్టుకు తెల్లరంగు పూసుకుని కోడలి ముందు కంచం పెట్టింది. "తిను బిడ్డా, కడుపునిండ తిను. మీ తల్లిగారింట్ల గీ కూర ఎన్నడన్న చూసినవా?" అని నవ్వుతూ, మెల్లగా అంది. కోడలిగా వేసిన భవ్యశ్రీకి నిజంగానే కన్నీళ్లొచ్చాయి. ఆరాధన ఒళ్లంతా తేలికైపోయింది. ఎవరికీ భయపడని మనిషిగా ఉండటం ఇంత బాగుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

వీడియో జనానికి తెగ నచ్చింది. కామెంట్లలో ఆ అత్తను తిట్టినవాళ్లే ఇంకోటి తీయమన్నారు. బజార్లో ఆడవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

చర్చిలో పక్కన కూర్చున్న దేవవ్వ ఆ వీడియో రిబ్కమ్మకు చూపించి, "అచ్చం నువ్వే" అని నవ్వింది. రిబ్కమ్మ ప్రార్థన మధ్యలోనే ఇంటికొచ్చేసింది.

"గా కూర మాట నేనన్నదే గదా?"

"సినిమా కదా అత్తమ్మా."

"నవ్వుకుంట అన్ననా?"

"నవ్వుకుంటనే అన్నవు."

ఆ రోజు నుంచి రిబ్కమ్మ అన్నం వడ్డించేటప్పుడు కోడలి మొహం చూసి, "సాలునా, ఇంకింత పెట్టాల్నా?" అని బెదురుగా అడిగేది. ఎన్నో ఏళ్లు ఆరాధన కోరుకున్నది ఇదే. తీరా దొరికాక సగం అన్నం కంచంలోనే వదిలి లేచేది.

తర్వాతి షూటింగులో గట్టిగా అరిచి, వేరేలా చేయబోయింది.

"అరుసుడు ఎవలన్న అరుస్తరు," అన్నాడు సంతోష్‌రావు. "పోయినసారి లెక్క మెల్లగ అను."

రెండోసారి ఆ గొంతు దానంతటదే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు సంతోషమే కలిగింది. అందుకే ఇంటికి పోవాలంటే కాళ్లు రాలేదు.

రిబ్కమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. "ఇయ్యాల గూడ నేనేనా?"

"అవును. ఇగ మానేస్త అత్తమ్మా."

"ఎందుకు మానుడు? మంచిగనిపిస్తున్నది గదా?"

ఆరాధన తల ఊపింది.

"నిన్ను అన్నప్పుడు నాకు గూడ గట్లనే అనిపించేది," అంది రిబ్కమ్మ, ఆమె వైపు చూడకుండా.

ఆరాధన ఆమె పక్కన కూర్చుంది. సంచిలో ఫోన్ మోగింది. సంతోష్‌రావే అయి ఉంటాడనుకుని తీయలేదు.