మెడ లోపలి మూడు చుక్కలు

ఆ ఇంట్లో చేసే ఇత్తడి తలలకు చెవులుండవు. పొడుగు ముక్కు, మూసిన కళ్ళు, కొంగ మెడ, అంతే. అదొక శైలి అని మావగారు కొనేవాళ్ళకు గంభీరంగా చెబుతారు. మొదటి తలకు చెవులు వంకరగా అతికితే ఒళ్ళు మండి కోసేశారని అత్తగారు చెబుతుంది. కోడలికి అత్తగారి మాట మీదే నమ్మకం. అసలు ఆ ఇంట్లో వినే చెవులు ఎవరికున్నాయి కనుక!

పోయిన వారం ఒకాయన వచ్చి ఇవన్నీ ఎవరెవరు చేస్తారని అడిగాడు. రేకు సాగగొట్టేది తానని, రెండు సగాలూ అతికేది కొడుకని, మెడ కింద మూత వేసేది భార్య అని మావగారు వేళ్ళు మడిచి చెప్పారు. నాలుగో వేలు మడవలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ అతుకులు అరగదీసి మెరుగు పెడుతున్న కోడలు పక్కనే నిలబడి ఉంది. ఆమె మనసు చివుక్కుమంది.

ఇవాళ టీ తాగేటప్పుడు చెప్పేసింది.

"ఒకటో తారీఖు నుంచి స్టీలు సామాన్ల షాపుకి పనికి వెళ్తానత్తయ్యా. పాలిషింగుకి మనిషి కావాలన్నారు."

అత్తగారు గ్లాసు కింద పెట్టి, "నీ ఇష్టం" అంది.

కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. వద్దనకపోతే పోయె, ఎందుకని అడగొచ్చుగా!

టీ అయ్యాక మావగారు బాగుకొచ్చిన పాత తల ఒకటి ముందేసుకున్నారు. ఎవరింట్లోనో అలమర మీంచి పడి నుదురు సొట్టపోయింది. లోపలి నుంచి తట్టాలి. ఆయన మంట పట్టి మెడ కింద మూత ఊడదీశారు. అది చల్లారాక, "నీ చెయ్యి సన్నం, లోపల సొట్ట ఎంతవరకుందో చూడమ్మా" అని ఆమెకిచ్చారు.

గడ్డం కింద గీత చూడగానే ఆమె ఆ తలను గుర్తుపట్టింది. పనిలో దిగిన మొదటి నెల, ఆకురాయి జారి తాను వెలగబెట్టిన నిర్వాకం. ఫోను లైటు వేసి మెడలోకి చూసింది. లోపలి అంచున ఒక గీత, పక్కన త్రికోణం, అర్ధచంద్రం కొట్టి ఉన్నాయి. ఆ మూడూ వరసగా మావగారి, భర్త, అత్తగారి గుర్తులని ఆమెకు తెలుసు. వాటి పక్కన మూడు చుక్కలు.

"ఈ చుక్కలెవరివి అత్తయ్యా?"

"ఎవరివేంటి, నీవే. మొదటి రోజు ఇత్తడి పొడికి వరసగా మూడుసార్లు తుమ్మలేదూ? తుమ్ములమ్మా అని ఊరికే పిలుస్తున్నాననుకున్నావా?"

"అన్నిటికీ వేశారా?"

"వెయ్యకుండా ఎలా? చేసినవాళ్ళ గుర్తు పడాలిగా."

"మూత పడ్డాకే కదా నా చేతికొచ్చేది! నేను ముట్టుకోకముందే ఎలా వేశారు?"

"నువ్వు చేస్తావని తెలుసుగా."

తనను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని కోడలు వారమంతా కుమిలిపోయింది. మావగారు తల గోక్కుంటూ, "మొన్న ఆయనకి నీ సంగతి చెప్పడం మర్చిపోయానమ్మా. ఒట్టి మతిమరుపు వెధవని" అన్నారు.

"అది మాత్రం నిజం" అని అత్తగారు కొత్త తల ఒకటి ఒళ్ళోకి తీసుకుంది. మెడ లోపల గీత కొట్టింది, త్రికోణం కొట్టింది, తన అర్ధచంద్రం కొట్టింది. చుక్కల ఉలి చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"దీనికి మెరుగు పెట్టేది నువ్వేనా, కాదా? ఇప్పుడే చెప్పెయ్యి. మూత పడ్డాక నేను తియ్యలేను."

కోడలు అత్తగారి చేతిలోంచి ఉలి, చిన్న సుత్తి తీసుకుంది. ఒకటి. రెండు. మూడు.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని లోపలికి తొంగిచూసింది.

"మూడోది వంకర పోయింది."

"పోనివ్వండత్తయ్యా. తుమ్ము తిన్నగా వస్తుందా?"